చివరకు గెలిచేది ‘ఓడే’!
* మాండవి నది నుంచి సెల్‌ఫోన్ దాకా విస్తరించిన పోకర్
* ఆటగాడు ఎవరైనా నిర్వాహకుడి వాటా ముందే ఖాయం
* ఆన్‌లైన్ మూతపడినా నౌకలపై ఆగని ఆట

గోవా రాజధాని పణజి వద్ద మాండవి నదిలో లంగరు వేసిన జూద నౌకలతో ఎదిగిన డెల్టా కార్ప్ సంస్థ ప్రస్థానం దేశంలో పోకర్ వ్యాపార తీరుకు అద్దం పడుతోంది. పేకాట నైపుణ్యమా, అదృష్టమా అన్న వాదన దశాబ్దాలుగా సాగుతూనే ఉంది. అయితే ఆ వాదన మాటున నిర్వాహకుడి రాబడి చర్చకు రాకుండా పోతుండటం గమనార్హం.

నౌకకు, ఫోన్‌కు వంతెన
గోవా ప్రభుత్వం జూద నిరోధక చట్టాన్ని సవరించి 1992లో ఐదు నక్షత్రాల హోటళ్లలో యంత్రాలపై ఆడే జూదానికి, 1996లో నౌకలపై ఆటలకు దారి తెరిచింది. ఈ వెసులుబాటే డెల్టా కార్ప్ ఎదుగుదలకు ఆధారమైంది. ‘డెల్టిన్’ పేరిట నౌకలు నడుపుతూ పోకర్ టోర్నమెంట్లు నిర్వహించిన ఈ సంస్థ, ఆన్‌లైన్ పోకర్ వేదిక ‘అడ్డా52’ను సుమారు రూ.155 కోట్లకు కొనుగోలు చేయనున్నట్లు 2016లో ప్రకటించింది. ఇంటి వద్ద స్వల్ప రుసుముతో ఆన్‌లైన్ అర్హత పోటీ ఆడించి, నెగ్గినవారికి పెద్ద టోర్నమెంటులో ప్రవేశం కల్పించడం పోకర్ నిర్వాహకులు అనుసరించే పద్ధతి. ఆ విధంగా నౌక ఎక్కని వారికి సైతం పోకర్ చేరువైంది.

లెక్క ఇదీ..
ఉదాహరణకు వంద మంది తలా రూ.10 వేలు చెల్లించారనుకుందాం. అందులో వెయ్యి చొప్పున నిర్వాహక రుసుముగా తీసేస్తే బహుమతులకు మిగిలేది రూ.9 లక్షలు. దానిని పది, పదిహేను మంది పంచుకుంటారు. మిగిలిన వారంతా రిక్తహస్తాలతో వెనుదిరగాల్సిందే. ఓడినవారు మళ్లీ సొమ్ము కట్టి ఆటలో ప్రవేశించే వీలున్న పోటీల్లో రుసుము రెండోసారీ చేతులు మారుతుంది. ఎవరు గెలిచినా ఆ లక్ష రూపాయలకు ఢోకా ఉండదు.

సికింద్రాబాద్ తీర్పు
రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అని సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్ కేసులో సుప్రీంకోర్టు 1967లో పేర్కొన్న విషయం విదితమే. ఆన్‌లైన్ సంస్థలు ఈ వాక్యాన్నే కవచంగా చేసుకున్నాయి. పందెంతో కూడిన ఆట నుంచి క్లబ్ యజమాని లాభం పొందుతున్నట్లు రుజువైతే నేరం కాగలదని అదే తీర్పు హెచ్చరించింది. ఈ రెండో మాట మరుగున పడింది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించాయి.

పన్ను పోటు
2023 సెప్టెంబరులో హైదరాబాద్‌లోని జీఎస్టీ నిఘా విభాగం డెల్టా కార్ప్‌కు, దాని అనుబంధ సంస్థలకు కలిపి రూ.16 వేల కోట్లకు పైగా పన్ను నోటీసులిచ్చింది. సంస్థ న్యాయస్థానాన్ని ఆశ్రయించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం డబ్బుతో ముడిపడిన ఆన్‌లైన్ ఆటలన్నింటినీ నిషేధించడంతో పోకర్ వేదికలు నగదు ఆటలు నిలిపివేశాయి. అదే ఏడాది సెప్టెంబరు 22 నుంచి కాసినోలపై జీఎస్టీ 28 నుంచి 40 శాతానికి పెరిగింది.

అయినా నౌకలపై ఆటకు ఆన్‌లైన్ నిషేధం వర్తించదు. 2020 ఫిబ్రవరి నుంచి గోవా వాసులకు కాసినోల్లో ప్రవేశం లేదు. తన ప్రజలను ఆ గడప తొక్కనివ్వని ప్రభుత్వం పొరుగు రాష్ట్రాల వారికి మాత్రం తలుపులు తెరిచే ఉంచింది. తెలుగు జిల్లాల నుంచి గోవా బాట పట్టేవారు ఆలోచించాల్సింది ఇక్కడే.