బొమ్మ లేని చోట సూపర్‌మేన్

1978 డిసెంబరులో క్రిస్టఫర్ రీవ్ నటించిన ‘సూపర్‌మేన్’ సినిమా అమెరికాలో విడుదలైంది. ఆ హడావుడిలోనే పుస్తకాల దుకాణాల్లోకి ఒక పేపర్‌బ్యాక్ నవల వచ్చింది. పేరు ‘సూపర్‌మేన్: లాస్ట్ సన్ ఆఫ్ క్రిప్టన్’. అట్ట మీద రీవ్ ఫొటోనే. సినిమా కథే కదా అనుకుని కొన్నవాళ్లకు లోపల ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ ఎదురయ్యాడు! నాశనమైపోతున్న క్రిప్టన్ గ్రహం నుంచి కన్నబిడ్డను భూమికి పంపబోతూ, జోర్-ఎల్ ముందుగా ఆ మహామేధావికి కబురు పెడతాడు. ఐన్‌స్టీన్ అన్ని విధాలా ఆలోచించి, ఆ పసివాడు పెరగాల్సింది తన దగ్గర కాదని తేల్చుకుని, స్మాల్‌విల్ అనే చిన్న ఊళ్లో కెంట్ దంపతుల చేతికి చేరేలా చూస్తాడు.

సినిమాలో ఇదేమీ లేదు. కామిక్స్‌లో కూడా ఆ నౌక దిగిన చోటుకి కెంట్ దంపతులు రావడం వట్టి కాకతాళీయమే. బొమ్మల కథకు అది చాలు. నౌక పడింది, తలుపు తెరుచుకుంది, బిడ్డ దొరికాడు, మూడు గళ్లలో పని అయిపోయింది. పాఠకుడు ప్రశ్న వేసేలోగా పేజీ తిరిగిపోతుంది. నవల చదివేవాడు అంత తొందరలో ఉండడు. వీళ్లకే ఎందుకు దొరికాడు, ఇంకెవరికో దొరికితే ఏమయ్యేవాడు అని ఆగి అడుగుతాడు. అంగీ, ముసుగు, ఎగిరే విన్యాసం అన్నీ కంటికి కనబడకుండా పోయినప్పుడు సూపర్‌హీరో దగ్గర ఏం మిగులుతుందో, వచన నవల విలువ అక్కడే తేలుతుంది. ఎనభై ఏళ్లకు పైగా వస్తున్న ఈ పుస్తకాల్లో ఎక్కువ భాగం ఆ పరీక్షలో తప్పినవే. నెగ్గినవి కొద్ది. ఆ కొద్దింటినీ సాహిత్య విమర్శ పట్టించుకున్నదీ తక్కువే.

అసలు సూపర్‌హీరో పుట్టింది వచనంలోనే. క్లీవ్‌లాండ్ కుర్రాడు జెర్రీ సీగెల్ 1933 జనవరిలో తన సొంత సైక్లోస్టైల్ పత్రికలో, హెర్బర్ట్ ఎస్. ఫైన్ అనే మారుపేరుతో ‘ది రీన్ ఆఫ్ ది సూపర్‌మేన్’ అనే కథ అచ్చువేశాడు. బొమ్మలు స్నేహితుడు జో షుస్టర్‌వి. అందులో సూపర్‌మేన్ దుర్మార్గుడు. తిండికి లేక వరుసలో నిలబడిన ఒక దేశదిమ్మరికి ఒక రసాయన శాస్త్రవేత్త మందు పెడతాడు. దాంతో వాడికి ఇతరుల మనసు చదివే శక్తి వస్తుంది, వెంటనే తల తిరుగుతుంది. ఆర్థికమాంద్యం రోజుల్లో ఆకలి వరుస నుంచి లేచిన ఆ పాత్ర అయిదేళ్ల తర్వాత తలకిందులై, 1938లో ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచికలో కారును ఎత్తి కొడుతూ కనబడింది. ఆ పాత్ర హక్కుల కోసం ఇద్దరు స్నేహితులకూ కలిపి ముట్టింది 130 డాలర్లు.

సూపర్‌మేన్‌కి పెద్దన్నలూ నవలల్లోని వాళ్లే. 1931 నుంచి పల్ప్ పత్రికల్లో ‘షాడో’ నవలలు వచ్చాయి. వాటిలో 280కి పైగా వాల్టర్ గిబ్సన్ ఒక్కడే, మాక్స్‌వెల్ గ్రాంట్ అనే పేరుతో రాశాడు. 1933లో డాక్ సావేజ్ వచ్చాడు. ఆయన అసలు పేరు క్లార్క్. ఆయనకు ఉత్తర ధ్రువ ప్రాంతంలో ‘ఫోర్ట్రెస్ ఆఫ్ సాలిట్యూడ్’ అనే ఏకాంత స్థావరం ఉంది. ఈ రెండు పేర్లూ తర్వాత సూపర్‌మేన్ ఇంటికే చేరాయని కామిక్స్ పాఠకులకు చెప్పనక్కర్లేదు. బ్యాట్‌మేన్ సంగతి ఇంకా ఘోరం. 1939లో ‘డిటెక్టివ్ కామిక్స్’ 27వ సంచికలో వచ్చిన అతని తొలి కథ, థియొడోర్ టిన్‌స్లీ 1936లో రాసిన ‘పార్ట్‌నర్స్ ఆఫ్ పెరిల్’ అనే షాడో నవల నుంచి దాదాపు ఎత్తుకొచ్చిందే. కాబట్టి నవలాకారులు ఈ హీరోలను పట్టుకున్నప్పుడు బొమ్మల వాళ్ల సొత్తు మీద పడ్డారని అనడం కుదరదు. ఇంట్లోంచి పోయిన సామాను కొంత ఇంటికి తిరిగొచ్చింది, అంతే.

కామిక్ పుస్తకాల లోపల కూడా వచనం ఎప్పుడూ ఒక మూల కూర్చునే ఉండేది. తపాలా శాఖ చౌక ధర ఇవ్వాలంటే పత్రికలో కనీసం రెండు పేజీలు చదివే మేటర్ ఉండాలన్నది అప్పటి నిబంధన. అందుకని ప్రతి సంచికలో ఎవరూ చదవని ఒక చిట్టి కథ ఇరికించేవారు. 1941లో ‘కెప్టెన్ అమెరికా’ మూడో సంచికలో ఆ పని ఆఫీసులో చిల్లర పనులు చేసే స్టాన్లీ లీబర్ అనే కుర్రాడికి అప్పజెప్పారు. మున్ముందు గొప్ప నవల రాస్తాననీ, అసలు పేరు దానికి దాచుకోవాలనీ అతను ‘స్టాన్ లీ’ అని సంతకం పెట్టాడు. ఆ గొప్ప నవల ఎప్పటికీ రాలేదు. కెప్టెన్ అమెరికా తన డాలును చక్రంలా విసరడం మాత్రం మొదటిసారి ఆ చిట్టి వచన కథలోనే జరిగింది. ఈ రోజు సినిమాల్లో ప్రపంచమంతా ఈలలు వేసే ఆ విసురు బొమ్మగా కాక, వాక్యంగా పుట్టింది.

కామిక్ సూపర్‌హీరో మీద తొలి నవల 1942లో రాండమ్ హౌస్ వేసిన ‘ది అడ్వెంచర్స్ ఆఫ్ సూపర్‌మేన్’. రాసినవాడు జార్జ్ లోథర్, సూపర్‌మేన్ రేడియో నాటికల రచయిత. రేడియోలో పనిచేసినవాడు కావడం ఇక్కడ కలిసొచ్చింది. బొమ్మ లేకుండా కథ నడపడం అతనికి రోజూ ఉన్న పనే. ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచికలో సూపర్‌మేన్ పుట్టుక మొత్తం ఒక్క పేజీ. లోథర్ దాన్ని విప్పి అధ్యాయాలు చేశాడు. క్రిప్టన్ మీద పెద్దల సభ, అక్కడ తండ్రి మాట ఎవరూ నమ్మకపోవడం, భూమ్మీద పొలం పనుల మధ్య బాల్యం, తనకున్న శక్తి తనకే అంతుపట్టని కుర్రవాడి బెదురు, పెంచిన తండ్రి మరణశయ్య. కామిక్స్‌లో జోర్-ఎల్ అన్న పేరుకు ఇంగ్లీషులో చివర ఒక్క అక్షరమే ఉండేది. దాన్ని ‘ఎల్’ అని పూర్తిగా విడదీసి రాసిందీ, లోరాగా ఉన్న తల్లిని లారా చేసిందీ లోథరే. పేర్లు నిలిచాయి, పేరుపెట్టినవాడిని జనం మరిచిపోయారు. నవల రెండో సగం మాత్రం నాజీ గూఢచారుల వేటగా మారి చప్పబడిపోతుంది. యుద్ధకాలం, బహుశా తప్పలేదు.

  

అరవై, డెబ్బైల్లో వచ్చిన పుస్తకాల్లో చాలావాటి గురించి ఎక్కువ చెప్పుకోవాల్సింది లేదు. టీవీలో బ్యాట్‌మేన్ వెర్రి పట్టిన 1966లో చకచకా వచ్చిన పేపర్‌బ్యాక్‌లు, 1967లో ఆటో బైండర్ రాసిన ‘అవెంజర్స్’ నవల, 1978-79లో పాకెట్ బుక్స్ వేసిన 11 మార్వెల్ నవలలు, వీటిలో చాలావాటికి ఒకటే జబ్బు. బొమ్మ చేసే పనిని వాక్యంతో చేయించబోవడం. గీతలో ఒక గుద్దు అంటే ఒక గడి, ఒక రంగు, కన్ను దాటిపోయే అరక్షణం. వచనంలో అదే గుద్దును కుడిచెయ్యి, ఎడమ దవడ, కూలిన గోడ అంటూ వర్ణించుకుంటూ పోతే పోలీసు పంచనామా చదివినట్టుంటుంది. బైండర్ చిన్నవాడేం కాదు. కెప్టెన్ మార్వెల్ కామిక్స్‌ను ఏళ్ల తరబడి నడిపినవాడు, సూపర్‌గర్ల్‌ను సృష్టించినవాళ్లలో ఒకడు. బొమ్మల కథలో ఆరితేరిన చెయ్యి అయినా, చిత్రకారుడు పక్కన లేకపోయేసరికి తడబడింది.

‘లాస్ట్ సన్ ఆఫ్ క్రిప్టన్’ రాసిన మాగిన్ దగ్గర ఆ తడబాటు లేదు. ఆయన పేరులో ‘ఎస్’ తర్వాత చుక్కకు బదులు ఆశ్చర్యార్థకం ఉంటుంది. కామిక్స్‌లో ప్రతి వాక్యాన్నీ ఆ గుర్తుతో ముగించే అలవాటులో పొరపాటున సంతకానికీ తగిలించేస్తే, సంపాదకుడు జూలియస్ ష్వార్జ్ ముచ్చటపడి ఇకమీదట అలాగే ఉండాలన్నాడట. మనిషి అంత సరదా అయినా నవలలు మాత్రం నింపాదిగా సాగుతాయి. ఆయన సూపర్‌మేన్ నవలల్లో పోరాటాలు త్వరగా ముగుస్తాయి. పేజీలు ఖర్చయ్యేది లెక్స్ లూథర్ మనసు మీద. చిన్ననాటి స్నేహితుడే శత్రువైన వైనం, అంత తెలివి ఉండీ అసూయలో కరిగిపోవడం, ఆ అసూయలోనే దాగిన ఒక రకమైన ప్రేమ. కామిక్స్‌లో ఆలోచనల బుడగలో ఎక్కువ మాటలు పట్టవు. అంత సన్నటి మనిషిని ఇన్ని పేజీల్లో చూశాక, పాత కామిక్స్ తిరగేసినప్పుడు కూడా లూథర్ వేరుగా కనిపిస్తాడు.

1981 నాటి ‘మిరాకిల్ మండే’ ఇంకో మెట్టు పైది. భవిష్యత్తులో ప్రతి మే నెల మూడో సోమవారం ఒక పండగ జరుగుతుంటుంది. అది ఎందుకు మొదలైందో ఎవరికీ గుర్తులేదు. కనుక్కుందామని క్రిస్టిన్ వెల్స్ అనే చరిత్ర విద్యార్థిని వెనకటి కాలానికి వస్తుంది. ఒక పైశాచిక శక్తి ఆ అమ్మాయినే ఆవహిస్తుంది. లోకాన్ని కాపాడాలంటే నిరపరాధి అయిన ఆమెను చంపాలి. సూపర్‌మేన్ చంపనంటాడు. కథ మొత్తం ఆ ‘చంపను’ మీద నిలబడింది. కండబలంతో తేలని చిక్కు కాబట్టే ఇది నవల అయింది. బొమ్మగా గీస్తే ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి ఉంటారు, ఇంకేమీ కదలదు. రెండేళ్ల తర్వాత క్రిస్టిన్ వెల్స్ ‘సూపర్‌ఉమన్’ వేషంతో కామిక్స్‌లోకి వెళ్లింది. అంటే ఈసారి అప్పు ఇచ్చింది నవల.

ఇలాంటివి ఎందుకు అరుదంటే, పాత్ర రచయితది కాదు. కంపెనీది. నవలాకారుడు బ్యాట్‌మేన్‌ను ముసలివాణ్ణి చేయలేడు, చంపలేడు, స్థిరంగా ఒక ఇంటివాణ్ణి చేయలేడు. చివరి పేజీ నాటికి ఎక్కడి సామాను అక్కడ సర్ది తాళం తిరిగి ఇచ్చేయాలి. కామిక్సే హీరోను చంపితే అప్పుడు నవలకు అవకాశం. 1992 నవంబరులో సూపర్‌మేన్ మరణించిన సంచిక లక్షల ప్రతులు అమ్ముడైతే, ఆ కథల రచయితల్లో ఒకడైన రోజర్ స్టెర్న్ మరుసటి ఏడాదే ‘ది డెత్ అండ్ లైఫ్ ఆఫ్ సూపర్‌మేన్’ రాశాడు. నాలుగైదు పత్రికల్లో చెల్లాచెదురైన కథను ఒక్క గొంతుతో చెప్పిన పుస్తకం అది, బాగా అమ్ముడైంది కూడా. మిగతావాళ్లు వెతుక్కున్న దొడ్డిదారి బాల్యం. ఎదగని వయసులో ఏం జరిగినా తర్వాతి కథకు ఇబ్బంది రాదు. టామ్ డి హేవన్ ‘ఇట్స్ సూపర్‌మేన్!’ (2005) ముప్పైల మాంద్యంలోకి వెళ్లి, తన మీద తనకే నమ్మకం లేని యువకుణ్ణి చూపించింది. 2017 నుంచి వచ్చిన ‘డీసీ ఐకాన్స్’ వరుసలో లీ బార్డూగో, మేరీ లూ, సారా జె. మాస్ వంటివాళ్లు రాసినవన్నీ టీనేజీ కథలే. చదివిస్తాయి. కానీ వరసగా నాలుగు చదివితే, వీళ్లందరూ ఒకే బడిలో చదువుకున్నారా అనిపిస్తుంది.

తాళం కంపెనీకి ఇవ్వడం ఇష్టంలేనివాళ్లు సొంత ఇల్లు కట్టుకున్నారు. రాబర్ట్ మేయర్ ‘సూపర్‌ఫోక్స్’ (1977)లో హీరో పొట్ట పెంచుకుని శివారు కాలనీలో సంసారం చేసుకుంటుంటాడు. జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ మిత్రబృందం 1987లో మొదలెట్టిన ‘వైల్డ్ కార్డ్స్’లో పాత్రలు నిజంగానే ముసలివాళ్లవుతాయి, చస్తాయి. మన దేశంలో సమిత్ బసు ‘టర్బులెన్స్’ లండన్ నుంచి ఢిల్లీ వచ్చే విమానంలో ప్రయాణికులందరికీ శక్తులు అంటించి, వాటితో ఒక్కొక్కరూ ఏం చేసుకుంటారో చూసింది. 2001లో పులిట్జర్ గెలిచిన మైకేల్ షేబన్ నవలైతే హీరోను వదిలి, అతన్ని సృష్టించిన ఇద్దరు యూదు కుర్రాళ్లను పట్టుకుంది. బహుమతి రావాలంటే ముసుగు తీసేయాలని దాని అర్థం కాబోలు.

ముసుగు తీయకుండా, కంపెనీ హద్దు దాటకుండా బరువైన పని చేయబోయినవాళ్లూ ఉన్నారు. పిల్లల తరఫున మాత్రమే కేసులు వాదించే లాయరు ఆండ్రూ వాక్స్ 1995లో ‘బ్యాట్‌మేన్: ది అల్టిమేట్ ఈవిల్’ రాశాడు. బ్రూస్ వేన్ తల్లి పిల్లలపై జరిగే లైంగిక అకృత్యాల ముఠాను తవ్వుతున్నందుకే హత్యకు గురైందని అందులో తేలుతుంది. కోపం నిజమైనదే. కాకపోతే బ్యాట్‌మేన్ చాలాచోట్ల లాయరుగారి వాదనను మోసే గుమాస్తా అయిపోయాడు.

జేసన్ రెనాల్డ్స్ 2017లో రాసిన ‘మైల్స్ మోరాలెస్: స్పైడర్‌మేన్’లో ఆ మోత లేదు. బ్రూక్లిన్‌లో నల్లజాతి తండ్రికీ ప్యూర్టోరికన్ తల్లికీ పుట్టిన పదహారేళ్ల కుర్రాడు, స్కాలర్‌షిప్ మీద పెద్ద బడిలో సీటు. చరిత్ర క్లాసులో చేంబర్లేన్ అనే మాస్టారు బానిసత్వం గురించి మెచ్చుకోలుగా మాట్లాడుతుంటే మైల్స్‌కు తలలో జివ్వుమంటుంది. ప్రమాదాన్ని ముందే పసిగట్టే ఆ స్పైడర్ జ్ఞానం కామిక్స్‌లో తల చుట్టూ వంకర గీతలుగా కనబడుతుంది. ఇక్కడ గీతల్లేవు. ఎదురుగా దుండగుడూ లేడు. సుద్దముక్క పట్టుకున్న మాస్టారు, లేచి ఎదురు చెబితే సీటు పోతుందన్న భయం, ఆ జివ్వుమనడం శక్తా, లోపమా అన్న సందేహం. 2023లో వచ్చిన రెండో భాగం ‘సస్పెండెడ్’ ఇంకా ముందుకెళ్లింది. క్రమశిక్షణ చర్య కింద మైల్స్‌ను బడిలోనే ఒక గదిలో కూర్చోబెడతారు. కథ దాదాపు ఆ ఒక్క రోజుదే. కొంత వచనం, కొంత కవిత్వం. గోడలెక్కగలవాడు కుర్చీలోంచి లేవకూడదు. పుస్తకం 300 పేజీలకు పైనే ఉంది.