తెల్లనివన్నీ పాలు కావు

దిష్టికి ఎర్రనీళ్ళు కలపని ఇల్లు మనవారిలో ఉండదు. పళ్ళెములో నీళ్ళు పోసి, పసుపు వేసి, గోరంత సున్నము కలిపితే చాలు, పచ్చని నీరు ఎర్రబారుతుంది. మన అవ్వలు దీనిని రసాయనశాస్త్రమని అనలేదు గాని, ఆ శాస్త్రములోని తొలిపాఠము ఇదే. సున్నమువంటి క్షారము తగలగానే పసుపు తన రంగు మార్చుకొని ఆ సంగతి మనకు చెబుతుంది. కంటికి కనబడని వస్తువు జాడను ఇట్లు రంగుతోనో వెలుగుతోనో పట్టియిచ్చే సాధనమును నేటి శాస్త్రజ్ఞులు రసాయన సెన్సారు అంటున్నారు.

ఈ ప్రస్తావన ఎందుకంటే, మొన్న మేము సత్రపట్టికి పోయివచ్చినాము. రాజపాళయమునకు దాపున ఉన్న ఈ ఊరు ఆసుపత్రి గుడ్డకు పేరుపొందినదని మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. పిల్లవాడు మోకాలు చీరుకొని వస్తే మనము కట్టే గాజుగుడ్డ ఇట్టి ఊళ్ళలోని మరమగ్గాల మీదనే పుడుతుంది. మగ్గము దిగిన గుడ్డ తెల్లగా ఉండదు. దూదిలోని సహజమైన మైనమువల్ల నీటిని పీల్చదు. దానిని కాస్టిక్ సోడాలో ఉడికించి, హైడ్రోజన్ పెరాక్సైడువంటి మందుతో చలువచేసి, పలుమార్లు కడిగి ఆరవేస్తారు. కడుగుడు చాలకపోతే సోడా గుడ్డలోనే నిలిచి పుండును మండిస్తుంది. కనుక గుడ్డను నానవేసిన నీటిలో ఫినాఫ్తలీన్ చుక్క వేసి చూస్తారు. నీరు గులాబిరంగుకు తిరిగితే మరల కడగవలసినదే. ఈ పరీక్ష మన ఎర్రనీళ్ళకు చెల్లెలు.

మేము పోయిననాడు మాకు పరిచయమున్న ఒక చలువ కార్ఖానా యజమాని దిగులుగా ఉన్నారు. పంపిన సరకు తిరిగివచ్చినది. "మీరే చూడండయ్యా, మల్లెపూవులాగా ఉన్నది. ఇంతకంటె తెలుపు ఎక్కడ తెచ్చేది?" అని గుడ్డ మా చేతికిచ్చినారు. మాకును అందులో ఏ లోపమూ కనబడలేదు. అప్పుడు ఆయన కుమారుడు తలుపులు మూసి అతినీలలోహిత దీపము వెలిగించినాడు. గుడ్డ నీలముగా జ్వలించినది. ఆ పక్కన మా పంచె అంతకంటె ఎక్కువగా జ్వలించినది! మంచి సరకులోని ముక్క మాత్రము దాదాపు చీకటిలో కలిసిపోయినది.

కారణము ఇది. బట్టల సబ్బుపొడులలో పలువిధముల తెలుపు పెంచే మందులు కలుపుతారు. అవి కంటికి కనబడని కిరణమును మింగి నీలి వెలుగుగా విడుస్తాయి. బట్టలోని పసుపుచాయ ఆ నీలములో మరుగుపడి, అది మరింత తెల్లగా తోస్తుంది. మురికి పోయినందున వచ్చిన తెలుపు కాదది. ఇట్టి వెలుగుకు ఫ్లోరెసెన్స్ అని 1852లో ఇంగ్లండులో జార్జి స్టోక్స్ పేరు పెట్టినారు. చలిజ్వరానికి మన పెద్దలు మింగిన క్వినైనుకు కూడ ఈ గుణమున్నది.

ఆ మందు విషమని కాదు. అయితే పచ్చిపుండును తాకే గుడ్డలో శుద్ధమైన దూదిదారము తప్ప పరాయివస్తువు ఉండరాదని నియమము. అందుచేత ఔషధ ప్రమాణ గ్రంథములు గుడ్డను 365 నానోమీటర్ల కిరణముల కింద చూడమంటాయి. లేత గోధుమ కలిసిన ఊదాచాయ, కొద్దిగా పసుపు నలుసులు కనబడవచ్చును. ఎక్కడనో ఒకటి రెండు పోగులు తప్ప గాఢమైన నీలి వెలుగు కనబడరాదు. ఈ కార్ఖానాలో జరిగినదేమంటే, పనివారెవరో కడుగుతొట్టిలో ఇంటిబట్టలు నానవేసినారట. పిడికెడు పొడి నెల శ్రమను మింగినది.

అయితే ఈ వెలుగు చెడ్డదా అంటే, కాదు. 2015లో ఇంగ్లండులోని బాత్ విశ్వవిద్యాలయమువారు ఒక కొత్త కట్టు నమూనాను ప్రకటించినారు. మెత్తని జెల్లీవంటి పొరలో అతిసూక్ష్మమైన కొవ్వుబుడగలు, వాటినిండ ఫ్లోరెసెంట్ రంగు. బుడగలో కిక్కిరిసి ఉన్నంతసేపు ఆ రంగు వెలగదు. పుండులోని హానికర సూక్ష్మజీవులు విడిచే విషము బుడగను చిల్లుపొడిస్తే, రంగు బయటికి వచ్చి పలుచబడి, అతినీలలోహిత దీపము కింద ఆకుపచ్చగా వెలుగుతుంది. కాలిన గాయములతో ఏడ్చే పిల్లలకు మాటిమాటికి కట్టు విప్పకుండా, అక్కరలేని యాంటీబయోటిక్ ఇవ్వకుండా చూడవలెనని వారి తలంపు. వేలిచుక్కతో చక్కెర చూపే మన ఇంటి చిన్న యంత్రము ఈ బయోసెన్సారుల కుటుంబములో పెద్దన్న.

ఇక్కడ ఒక మాట ఆలోచించవలెను. కట్టు ఇచ్చే సైగ కనబడవలెనంటే, చుట్టూ ఉన్న గుడ్డ తానుగా వెలగకూడదు. అంతటా నీలి వెలుగే పరచుకొంటే పుండు చెప్పే పచ్చనిమాట ఎవరి కంటబడుతుంది? మెరుపు లేకపోవడమే సత్రపట్టి గుడ్డకు గొప్ప. ఇంట్లో పాతపంచె చింపి పుండుకు కట్టే అలవాటు ఇంకను మానని మనవారు కూడ దీనిని గుర్తుంచుకొని, మూసిన పొట్లములోని శుద్ధిచేసిన గాజుగుడ్డను ఇంట ఉంచుకొందురు గాక.

తిరిగివచ్చిన సరకును ఆ యజమాని ఏమి చేసినారో చెప్పి ముగిస్తాము. దీపము లేని కొనుగోలుదారు దొరకకపోడని ఎవరో సలహా చెప్పినారట. ఆయన వినలేదు. నేసినవారి కూలి తన చేతినుండి ఇచ్చి, గుడ్డను యంత్రాలు తుడిచే పనికి అగ్గువకు అమ్మివేసినారు. "ఎవరి బిడ్డ పుండుమీద పడుతుందో మనకేమి తెలుసునయ్యా?" అన్నారు. ఆ మాట అన్నప్పుడు గదిలో దీపము ఆర్పివేసి ఉన్నది.