చలికి గొంగడి: సంఘముల విధి

పుష్యమాసపు రాత్రులలో వరంగల్లు ప్రాంతపు రైతులు మొక్కజొన్న చేలకు కావలి యుండుటయు, ఎనుమాముల మార్కెట్టులో ప్రత్తిబస్తాల చెంత తెల్లవార్లు వేచియుండుటయు మేము చూచుచున్నాము. సరకునకు టార్పాలిను కప్పుదురు గాని దేహమును మఱతురు.

వెచ్చదనము బట్ట బరువులో లేదు. పొరల నడుమ నిలిచిన గాలిలో నున్నది. కావున బిగువైన మందపు చొక్కా యొకటికంటె వదులైన రెండు మూడు పొరలు మేలు: లోన నూలుబట్ట, దానిపై ఉన్నిబట్ట, పైని గొంగడి. ఎండ యెక్కినకొలది ఒక్కొక్కటి తీసివేయవచ్చును. మంచున తడిసిన నూలు చలిని పెంచును. ఉన్ని తన బరువులో నూటికి 30 పాళ్ల తేమను పీల్చియు వెచ్చదన మిచ్చును. చేతితొడుగులును ఉన్నివే, వ్రేళ్లను బిగింపనివే కావలెను.

చవుకయని కొను కృత్రిమపు దుప్పటిపై చలిమంట రవ్వ పడిన నది కరగి చర్మమున కంటుకొనును. ఉన్ని అంత సులభముగా మండదు. దక్కనీ గొఱ్ఱెల ఉన్నితో కురుమలు నేయు గొంగళ్లు, ఉన్నిలేని నెల్లూరు జాతి గొఱ్ఱెలు వ్యాపించినకొలది అరుదైనవి.

కావున సంఘములు గొంగళ్లను నేతగాండ్రయొద్ద నేరుగా కొని, సభ్యులకు వాయిదాలపై నొసగవలెనని మా యభిప్రాయము. పైరు నెరువునకు అప్పిచ్చు సంఘము, ఆ పైరును కాచు రైతు కంబళి కీయరాదనుట న్యాయము కాదు.