రెండు రోజుల్లో రిలీజు!

కథ, షూటింగు, ఎడిటింగు, రిలీజు... అన్నీ రెండు రోజుల్లో కానివ్వమంటే ఏ నిర్మాతైనా పరుగో పరుగు! కంప్యూటర్ ఆటలవాళ్లు మాత్రం సై అంటారు. గేమ్ జామ్ అంటే అదేనండీ! 2017 నార్డిక్ గేమ్ జామ్‌లో పుట్టిన 'బాబా ఈజ్ యు' 2019లో పూర్తి ఆటగా విడుదలై బోలెడు పేరు తెచ్చుకుంది.

మొన్న నేనూ ఓ జామ్‌లో దిగాను. హీరో క్యూలో నిలబడి మార్నింగ్ షో టిక్కెట్టు సంపాదించాలి. ఓ విలనూ, మూడు పాటలూ అనుకున్నాను. విలన్‌ని నడిపించేసరికే తెల్లారింది! గుండె రాయి చేసుకుని విలన్నీ, పాటల్నీ కత్తిరించేశాను. మిగిలింది క్యూ ఒక్కటే. మా అక్క కూతురు ఆడి, "మావయ్యా, ఇంకోసారి!" అంది.

నా సొరుగులో పదేళ్లుగా ముగింపు లేని స్క్రిప్టు ఒకటుంది. దానికీ గడువు పెట్టేశాను... ఈ ఆదివారం సాయంత్రం! ఇవి కోతలు కావండోయ్, కత్తిరింపులే!