టికెట్ ఉచితం సరే, బస్సేదీ?

తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి ఆర్టీసీ బస్సులలో స్త్రీలకు ప్రయాణం ఉచితమయింది. చార్జీ డబ్బుల కోసం భర్త ముందో కొడుకు ముందో చేయి చాచకుండా పనికీ, ఆసుపత్రికీ, పుట్టింటికీ వెళ్లగలగడం చిన్న విషయం కాదు. ఆడవాళ్లు పనీపాటా లేకుండా తిరుగుతున్నారని వెక్కిరించేవారు మగవాడి ప్రయాణానికి ఏనాడైనా కారణం అడిగారా?

అయితే టికెట్ ఉచితమైనంత మాత్రాన బస్సు వచ్చినట్టు కాదు. సూర్యాపేట, నరసరావుపేట, మదనపల్లె వంటి పట్టణాలలో డిపో ఉంది, బస్టాండు ఉంది. అక్కడ కనిపించే బస్సులలో ఎక్కువ భాగం పొరుగూళ్లకు పోయేవే. ఊరి చివరి కాలనీ నుంచి మార్కెట్టుకో పెద్దాసుపత్రికో వెళ్లాలంటే షేర్ ఆటోయే దిక్కు. అందులో ఉచితం లేదు. 2023 ఆగస్టులో కేంద్రం ఆమోదించిన 10,000 విద్యుత్ బస్సుల పథకం ప్రధానంగా 2011 లెక్కల ప్రకారం 3 లక్షలు, ఆ పైన జనాభా ఉన్న నగరాలను ఉద్దేశించింది. ఈ మూడు పట్టణాలూ ఆ లెక్కకు అందవు. తమిళనాడులో చిన్న పట్టణాలలో సైతం టౌన్ బస్సులు చుట్టుపక్కల పల్లెలను కలుపుతూ తిరుగుతున్నాయి. 2021 మే నుంచి వాటిలోని సాధారణ బస్సులలో స్త్రీలకు చార్జీ లేదు. అక్కడ సాధ్యమైనది ఇక్కడ ఎందుకు కాదు?

బస్సు వేళలు ఎవరి అవసరాన్ని బట్టి నిర్ణయమవుతున్నాయన్నది అసలు ప్రశ్న. తెల్లవారుజామున కూరగాయల గంపతో బయలుదేరే స్త్రీకి, రాత్రి దుకాణం మూశాక ఇంటికి మళ్లే సేల్స్‌గర్ల్‌కి ఆ పట్టికలో చోటుందా? సాయంత్రం బస్సు ఒక్కటి రద్దయితే ఆడపిల్ల కాలేజీ మానిపించడానికి ఇంట్లో వేరే సాకు అక్కర్లేదు.

ఉన్న బస్సులలోనే అందరూ కిక్కిరిసి ఎక్కవలసి వస్తే ఆ కోపం కండక్టరు మీదికి మళ్లుతుంది. ఆ కండక్టరూ చాలాచోట్ల స్త్రీయే. పోట్లాట మన మధ్య పెట్టి ప్రభుత్వాలు తప్పుకోవడానికి వీల్లేదు. ఉచిత టికెట్ల సొమ్ము సంస్థకు సకాలంలో చెల్లించాలి. కొత్త బస్సులు కొనాలి, ఖాళీలు భర్తీ చేయాలి. పట్టణాల లోపల, శివారు పల్లెలకు బస్సులు నడపాలి. వేళలు నిర్ణయించే ముందు స్త్రీలను సంప్రదించాలి, వాటిని ప్రతి స్టాపులో రాసిపెట్టాలి. చివరి బస్సును ముందుగా చెప్పకుండా రద్దు చేయరాదు. ప్రతి బస్టాండులో దీపం, నీళ్లు, తలుపున్న మరుగుదొడ్డి ఉండాలి.

ఇవేవీ దయతో ఇచ్చే కానుకలు కావు. మహిళా సంఘాలు, విద్యార్థినులు, ఆర్టీసీ కార్మికులు కలిసి తమ ఊరి డిపో మేనేజరు ముందు, మునిసిపాలిటీ ముందు ఈ డిమాండ్లు పెట్టాలి. వేళకు బస్సు వచ్చిన రోజునే ఉచిత టికెట్ హక్కు అవుతుంది.