పిల్లలు దిగిన వంకలోకి మనమూ దిగాలి

ఏటా ఎన్‌ఎస్‌ఎస్ శిబిరాలకు కాలేజీ పిల్లలు పల్లెలకు వస్తుంటారు. వారం రోజులు బడిలో పడుకుని, వంకలో ప్లాస్టిక్ ఏరి, కంప కొట్టి వెళతారు. గాంధీ శతజయంతి సందర్భంగా 1969లో మొదలైన పథకం ఇది. రెండేళ్ళలో 240 గంటల సేవ, ఒక ఏడు రోజుల శిబిరం పూర్తిచేస్తే సర్టిఫికెట్ ఇస్తారు. ఆ కాగితం కోసమే వస్తారని కొందరు ఎగతాళి చేస్తారు. ఆ మాట మాకు నచ్చదు. బురదలో దిగిన బిడ్డను ఎందుకు దిగావని అడిగేకంటే, ఆ వంక నీళ్ళతో పంట పండించేవాళ్ళు గట్టు మీద ఎందుకు నిలబడ్డారని అడగాలి.

బంగారుపాళ్యం ప్రాంతంలో ఏడాది పొడుగునా పారే ఏరు లేదు. వాన కురిసిన నాలుగు రోజులు వంక పారి చెరువు నిండితేనే బోర్లలో నీళ్ళుంటాయి, మామిడి తోపులు బతుకుతాయి. వంక పూడితే కరువు ఏడు చెరువుకు నీళ్ళు చేరవు. వాన ఎక్కువైన ఏడు అదే నీళ్ళు చేల మీద పడతాయి. 2021 నవంబరు వరదల్లో ఉమ్మడి చిత్తూరు జిల్లా అంతా ఈ దెబ్బ చూసింది.

వంకల్లో దొరికేది టీ కప్పులు, సంచులు మాత్రమే కాదు. పురుగుమందు సీసాలు, చిరిగిన డ్రిప్ పైపులు, టమోటా మళ్ళలో పరిచిన మల్చింగ్ షీట్లు కూడా ఉంటాయి. ఇవి పట్నం నుంచి కొట్టుకొచ్చినవి కావు. మందు సీసాలను పిల్లల చేత ఉత్త చేతులతో ఏరించడం సేవ కాదు, ప్రమాదం.

మన జిల్లా మద్రాసు పాలనలో ఉన్న కాలంలో కుడిమరామత్తు అనే ఆనవాయితీ ఉండేది. కాలవల పూడిక తీయడం, కట్ట మీద కంప కొట్టడం ఊరి పని. 1858లో దానికి చట్టం కూడా చేశారు. చాలాచోట్ల ఆ చాకిరీ భూమిలేని పేదల మీదే పడేది. అది మళ్ళీ రాకూడదు. కానీ నీళ్ళు వాడుకునేవాడే వంక చూసుకోవాలన్న నియమం మాత్రం న్యాయమైనది.

అయితే అన్నీ రైతు మీదే వేస్తే కుదరదు. 2025 జనవరి నుంచి ప్రతి మూడో శనివారం స్వచ్ఛాంధ్ర కార్యక్రమం జరుగుతోంది. చీపురు పట్టి ఫొటో దిగితే వంక వెడల్పు పెరగదు. వాగులు, చెరువులను కాపాడాల్సిన వాల్టా చట్టం 2002 నుంచే ఉంది. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పంచాయతీలకిచ్చే నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుధ్యం వంటి పనులకే ఖర్చు చేయాలని చెప్పింది. అయినా చెత్త బండి రాని పల్లెలో చెత్త వంకకే చేరుతుంది.

అందుకే మేము కోరేది ఇది. రెవెన్యూ అధికారులు వంక పోరంబోకు సర్వే చేసి హద్దురాళ్ళు పాతాలి. ఆక్రమణ ఎవరిదైనా, మన సంఘ సభ్యుడిదైనా సరే, తీయించాలి. ఖాళీ మందు సీసాలు అప్పజెప్పడానికి ప్రతి రైతు సేవా కేంద్రం దగ్గర చోటు చూపాలి. శిబిరానికి వచ్చే పిల్లలకు బూట్లు, గ్లౌజులు ఇవ్వాలి. వాళ్ళ చేత వంక వెడల్పు కొలిపించి, ఎక్కడ పూడిందో రాయించాలి. తహసీల్దారు ముందు పెట్టడానికి ఆ లెక్క మనకు పనికొస్తుంది.

సంఘం ఊరి కమిటీలు ఇప్పుడే తీర్మానం చేయాలి. పిల్లలు వచ్చిన రోజు ఆయకట్టులో ఇంటికొక మనిషి, ఒక పూట, పార పట్టుకుని రావాలి. వాళ్ళు వెళ్ళాక వంకలో చెత్త పడకుండా చూసే పూచీ కూడా ఆ ఇళ్ళదే.