ఎనిమిది రోజులు



కరోనా కాలంలో మన తెలంగాణ ఇంటర్ ప్రథమ సంవత్సరపు పిల్లలు టీవీ పాఠాలతో, సెల్‌ఫోన్ పాఠాలతో ఇంటి గోడల మధ్యనే గడిపారు. పరీక్షలు లేకుండానే వారిని ద్వితీయ సంవత్సరానికి పంపి, 2021 అక్టోబరులో మళ్లీ మొదటి సంవత్సరపు పరీక్షలే పెట్టారు. డిసెంబరు 16న ఫలితాలు వచ్చాయి; ఉత్తీర్ణులు 49 శాతమే. కొందరు పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. 24న ప్రభుత్వం తప్పినవారందరికీ 35 మార్కులిచ్చి ఉత్తీర్ణులని ప్రకటించింది. మధ్య ఎనిమిది రోజులు! ఆ ఎనిమిది రోజులు గడిపించగల మాట ఒకటి వారికి అందవలసింది.

ఇతరులను అనడమెందుకు? ఆ శీతకాలంలోనే జనగామలో మా పొరుగింటి అబ్బాయి, "ఉస్తాద్, నిద్ర పట్టడం లేదు" అన్నాడు. "విశ్వాసం బలహీనపడింది, నమాజు మీద శ్రద్ధ పెట్టు" అని పంపివేశాను. అతడు మళ్లీ నా వద్దకు రాలేదు. వైద్యుని చికిత్సతో కోలుకున్నాడని తరువాత వాళ్లమ్మ చెప్పింది. కుమారుని ఎడబాటుకు కుమిలి కుమిలి చూపు కోల్పోయిన యాఖూబ్ ప్రవక్త (అలైహిస్సలాం) వృత్తాంతాన్ని ఏళ్ల తరబడి బోధిస్తున్నవాణ్ణి నేను! ఆయన విశ్వాసాన్ని ఎవరు శంకించగలరు?

మొన్న ఒక తండ్రి కుమారునికి తాయెత్తు కట్టమని వచ్చారు. దుఆ చేసి, ప్రభుత్వ టెలీ మానస్ సంఖ్య 14416 కాగితంపై రాసి ఇచ్చాను.